చూచిన కన్ను, చూడని కన్ను

ఇజ్రాయెల్ రాజకీయమును, అచ్చటి జనరంజక టెలివిజనును చిరకాలముగా గమనించుచున్న ఒక ప్రవాస తెలుగువాని ఆలోచనలు

ఇజ్రాయెల్ దేశమున రాత్రి ఎనిమిది గంటలకు ప్రధాన వార్తలు మొదలగును. హైఫా నగరమున, కార్మెల్ కొండవాలునందు నేను నివసించు వీధిలో, కిటికీలన్నియు తెఱచియుండు వేసవి రాత్రులయందు, ఆ వార్తలు చదువు గొంతుకలు ఒక ఇంటినుండి మఱియొక ఇంటికి తెగకుండ సాగుచు వీధి చివరవఱకును వినవచ్చుచుండును. మంత్రి యొకడు రాజీనామా చేసెనన్నను, సరిహద్దున సైనికుడొకడు మరణించెనన్నను, న్యాయస్థానము ఒక శాసనమును కొట్టివేసెనన్నను, ఆ మాట వీధివారందఱి చెవిని ఏకకాలమున పడును. ఆపై కొంతసేపటికి మెట్లమీద, అంగడియొద్ద, బస్సుకొఱకు నిలిచినచోట వాదము ప్రారంభమగును. ఇంచుమించు కోటిమంది జనాభా గల చిన్న దేశమగుటచేత, వార్తలోని మనిషి వినువారిలో ఎవరికో ఒకరికి బంధువో, సైన్యమున సహచరుడో అయియుండుట ఇచ్చట అరుదు కాదు. అందువలననే వార్త వినువేళ ఈ జనుల ముఖములయందు కానవచ్చు ఉత్కంఠ, దూరపు సంగతి వినువాని ఉత్కంఠ వంటిది కాదు.

నేను ఉద్యోగార్థము ఈ దేశమునకు వచ్చినవాడను. నాకిచ్చట ఓటు లేదు, ఏ పక్షమునందును సభ్యత్వము లేదు. హీబ్రూ భాష నాకు పుస్తకములవలన కొంతయు, టెలివిజన్ వలన అధికమును లభించినది. వార్తలను, నాటకములను, హాస్యకార్యక్రమములను ఏండ్ల తరబడి చూచిన పిమ్మట నా మనసున స్థిరపడిన అభిప్రాయము ఒక్కటే: ఈ దేశపు రాజకీయము తన పొరుగువానిని ఏ కంటితో చూచుటకు వెఱచినదో, ఈ దేశపు కథ ఆ కంటితోనే ధైర్యముగ చూచినది, ఈ దేశపు వార్త మాత్రము, చూపు మిక్కిలి అవసరమైన వేళ, ఆ కన్ను మూసికొన్నది.

ఆలస్యముగా వచ్చిన తెర

1948లో రాజ్యము స్థాపితమైనను, ఇరువది సంవత్సరములవఱకు ఇచ్చట జాతీయ టెలివిజన్ లేదు. ప్రథమ ప్రధాని డేవిడ్ బెన్ గురియన్ ఈ సాధనమును విశ్వసింపలేదు. నానాదేశములనుండి వలసవచ్చిన జనసమూహములను ఒకే భాష మాట్లాడు, గ్రంథపఠనమునందు ఆసక్తిగల జాతిగా తీర్చిదిద్దవలెనని తలపెట్టిన ఆ నాయకునకు, ఇంటింట బొమ్మలాడించు పెట్టె సంకల్పభంగకారిణిగా తోచెను. దాని ఫలముగా ఒక విచిత్రము జరిగినది. 1961లో నాజీ అధికారి అడాల్ఫ్ ఐక్‌మన్‌పై జెరూసలేమున జరిగిన విచారణను కెమేరాలు సంపూర్ణముగ చిత్రించినవి. ఆ దృశ్యములను ఇతర దేశముల ప్రజలు తమ ఇండ్లలో కూర్చుండి చూచిరి. ఎవరి వేదన ఆ న్యాయస్థానమున వినిపించుచుండెనో ఆ ఇజ్రాయెలీయులు మాత్రము రేడియో ముందు కూర్చుండి చెవులతోనే దానిని అనుభవించిరి.

1966లో విద్యాప్రసారములు మొదలైనవి. 1967 యుద్ధానంతరము ఆక్రమిత ప్రాంతముల అరబ్బు ప్రజలతో వారి భాషలో మాట్లాడవలసిన అవసరము పాలకులకు కలిగినది. టెలివిజన్ స్థాపనకు అదియు నొక ప్రేరణ. 1968 మే 2వ తేదీన, జెరూసలేమున జరిగిన స్వాతంత్ర్యదినోత్సవ సైనికప్రదర్శనతో జాతీయ ప్రసారములకు నాంది పలుకబడెను. తొలినాటనే ఆ తెర రాజకీయమున చిక్కుకొన్నది. శుక్రవార సూర్యాస్తమయముతో ఆరంభమగు సబ్బాతువేళ ప్రసారములు జరుగవచ్చునా యను ప్రశ్న 1969లో గోల్డా మెయిర్ ప్రభుత్వమునకును మతపక్షములకును నడుమ వివాదమై, ఒక సామాన్యపౌరుని అర్జీపై అత్యున్నత న్యాయస్థానము వఱకు పోయి, ప్రసారములకు అనుకూలముగ తేలినది. మతమునకును రాజ్యమునకును గల సరిహద్దు ఎచ్చట గీయవలెనను నాటి వివాదము, నేటికిని ఇచ్చటి మంత్రివర్గములను నిలుపుచు పడగొట్టుచు ఉన్నది.

ఆనాటి ఆదర్శములు ఎట్టివో తెలియుటకు ఒక్క నిదర్శనము చాలును. 1970 దశకమున కలవారు విదేశములనుండి రంగుల టెలివిజన్ పెట్టెలు తెప్పించుకొనుచుండగా, ప్రజలలో అసమానత ప్రబలుననియు విదేశీమారకము వృథా యగుననియు తలచి, ప్రసారములనుండి రంగును తుడిచివేయు ఏర్పాటును ప్రభుత్వము చేసినది. కలవాడును లేనివాడును నలుపు తెలుపులనే చూడవలెనని ఏలికల తలంపు. ప్రజలైతే ఆ తుడుపును వమ్ముచేసి రంగును రప్పించు చిన్న యంత్రమును కొని పెట్టెలకు తగిలించుకొనిరి. 1980 దశకారంభమున ప్రభుత్వమే తలయొగ్గి రంగుల ప్రసారములను అంగీకరించెను. సమానత్వమును ఆజ్ఞచేత నిలుపదలచిన తరము అస్తమించుచున్నదనుటకు ఇంతకంటె స్పష్టమైన సూచన వేఱొకటి లేదు.

ఆ అస్తమయము నిజమునకు 1977 మే 17వ తేదీ రాత్రి తెరమీదనే ప్రకటితమైనది. రాజ్యస్థాపననాటినుండి ప్రతి మంత్రివర్గమునకును నాయకత్వము వహించిన కార్మికపక్షము ఓడినదనియు, మెనాచెమ్ బెగిన్ నాయకత్వమున లికుడ్ పక్షము గెలిచినదనియు, దేశమున తలక్రిందులైన మార్పు వచ్చినదనియు వార్తాప్రయోక్త హాయిమ్ యావిన్ ప్రకటించెను. అదే సంవత్సరము నవంబరు 19వ తేదీన ఈజిప్టు అధ్యక్షుడు అన్వర్ సాదాత్ బెన్ గురియన్ విమానాశ్రయమున దిగుచుండగా, నాలుగేండ్ల క్రిందట ఆయన సైన్యముతో జరిగిన పోరులో బిడ్డలను కోల్పోయిన తల్లిదండ్రులు సైతము ఆ దృశ్యమును తెరపై చూచిరి. శత్రువు మెట్లు దిగివచ్చుటను కన్నులార చూచిన జాతికి, 1979 నాటి శాంతిసంధి అసంభవముగ తోచలేదు.

దేశమంతయు ఒకే నియోజకవర్గము

ఇజ్రాయెల్ శాసనసభయగు నెసెట్‌లో 120 ఆసనములు కలవు. మన దేశమునందువలె నియోజకవర్గములు లేవు; దేశమంతయు ఒకే నియోజకవర్గము. పౌరుడు వ్యక్తికి గాక పక్షమునకు ఓటు వేయును; మొత్తము ఓట్లలో నూటికి 3.25 వంతులు దాటిన ప్రతి పక్షమునకును ఓట్ల నిష్పత్తిని బట్టి ఆసనములు లభించును. సంపూర్ణమైన లిఖిత రాజ్యాంగము లేదు. మౌలికశాసనములనబడు కొన్ని చట్టములే ఆ స్థానమున నిలిచినవి. నేటివఱకు ఏ ఎన్నికయందును ఏ ఒక్క పక్షమును 61 ఆసనములు గెలువలేదు. కావున ప్రతి ప్రభుత్వమును బేరసారములవలన పుట్టిన సంకీర్ణమే. 2019 ఏప్రిల్ మొదలు 2022 నవంబరు వఱకు అయిదుమార్లు ఎన్నికలు జరిగినవి. ఆ నడుమ, 2021 జూన్‌లో, నఫ్తాలి బెనెట్, యాయిర్ లాపిడ్‌లు కూర్చిన సంకీర్ణమున మన్సూర్ అబ్బాస్ నాయకత్వమునందలి అరబ్బు పక్షము చేరినది. స్వతంత్రమైన అరబ్బు పక్షమొకటి పాలకకూటమిలో భాగస్వామి యగుట అదియే ప్రథమము. ఆ ప్రభుత్వము ఏడాదికే కూలినది.

ఊరూర ముఖపరిచయముగల ప్రతినిధి లేని వ్యవస్థలో, దేశమంతటికిని ఒక్కమాఱుగ కానవచ్చు ముఖమునకు విలువ హెచ్చుట సహజము. ఆ ముఖమును చూపునది టెలివిజన్. 1990 దశకమున 'పొపొలిటికా' అను చర్చాకార్యక్రమమున గొంతెత్తి వాదించిన పత్రికారచయిత టామీ లాపిడ్, తరువాత షినుయి పక్షమునకు నాయకుడై, 2003లో 15 ఆసనములు గెలిచెను. ఆయన కుమారుడు యాయిర్ లాపిడ్ రెండవ చానెల్ శుక్రవారపు రాత్రి వార్తలను నడిపి, 2012 జనవరిలో ఆ పదవిని విడిచి, ఇంచుమించు ఏడాదికి 19 ఆసనములు గెలిచిన పక్షమునకు అధిపతియై, 2022లో కొలదినెలలు ప్రధానియై యుండెను. కార్మికపక్షమునకు నాయకత్వము వహించిన షెలీ యాచిమోవిచ్, మెరావ్ మిఖాయెలీ యిరువురును ప్రసారరంగమునుండి వచ్చినవారే. బెంజమిన్ నెతన్యాహు సైతము 1984 మొదలు 1988 వఱకు ఐక్యరాజ్యసమితిలో రాయబారిగ ఉన్నపుడు, అమెరికన్ టెలివిజన్‌లో అనర్గళముగ మాట్లాడిన దక్షతచేతనే స్వదేశమున తొలుత ప్రసిద్ధుడయ్యెను. వెండితెర కథానాయకుడు 1983లో ముఖ్యమంత్రియైన చరిత్ర గల మనకు ఇది క్రొత్త కాదనిపింపవచ్చును. భేదమొకటి కలదు: మన ప్రజలు కష్టములు తీర్చు నాయకుని తెరపై చూచి ఓటు వేసిరి, ఈ ప్రజలు తమ భయములను తమకు వివరించి చెప్పగలవానిని తెరపై చూచి ఓటు వేయుచున్నారు.

తెరకును అధికారమునకును గల ఈ సంబంధము తుదకు న్యాయస్థానమునకు ఎక్కినది. 2020 మే నెలలో నెతన్యాహుపై ప్రారంభమైన విచారణలోని అభియోగములలో రెండు, పత్రికాధిపతులతోడను, వార్తాసంస్థాధిపతులతోడను అనుకూలమైన వార్తలకొఱకు ఆయన బేరములాడెనని చెప్పుచున్నవి. ఆయన ఆ అభియోగములన్నిటిని నిరాకరించుచున్నాడు. తీర్పు ఎట్లున్నను, ధనమువలెనే వార్తయు లంచము కాగలదా యని ఒక రాజ్యము తన న్యాయమూర్తులను అడుగవలసివచ్చుట మన కాలమున గమనింపదగిన విషయము.

నవ్వుటకు గల స్వాతంత్ర్యము

ఈ ప్రజలు నాయకులను నిర్దాక్షిణ్యముగ నవ్వులపాలు చేయుదురు. 1973 యుద్ధానంతర విషాదమున, 1974లో మొట్టి కిర్షెన్‌బామ్ ఆరంభించిన 'నికుయి రోష్' అను వ్యంగ్యకార్యక్రమము, పాలకుల అహంకారమును ప్రభుత్వ టెలివిజన్‌లోనే తూర్పారబట్టినది. 1993లో వచ్చిన 'కమేరి పంచకము' హోలోకాస్ట్ స్మృతిని రాజకీయమునకు వాడుకొనువారిని సైతము విడిచిపెట్టలేదు. 2003 నుండి సాగుచున్న 'ఎరెట్జ్ నెహెదెరెత్' నేటికిని దేశమున అందఱును చర్చించుకొను కార్యక్రమము. 2014లో వచ్చిన 'హయెహుదీమ్ బాయీమ్' బైబిలు పురుషులనుండి ఆధునిక నాయకులవఱకు చరిత్రనంతయు ప్రశ్నించి మతపక్షముల ఆగ్రహమునకు గురియైనది. ఏలికను చూచి నవ్వగల ప్రజ జీవించియున్న ప్రజ. ఈ విషయమున ఇజ్రాయెల్‌ను నేను నిండుమనసుతో గౌరవింతును.

కథ చూచినది

నవ్వుకంటె గంభీరమైన పనిని చేసినవి ఇచ్చటి నాటకములు. 2005లో హగాయ్ లెవీ సృష్టించిన 'బెటిపుల్'లో ప్రతిరాత్రియు ఒక వ్యక్తి మానసికవైద్యుని యెదుట కూర్చుండి మాట్లాడును, అంతే కథ. ఆ వైద్యుని పాత్ర ధరించినవాడు అసీ దయాన్, సేనానాయకుడు మోషే దయాన్ కుమారుడు. రోగులలో ఒకడు యుద్ధవిమాన చోదకుడు. అతడు విడిచిన బాంబుచేత పిల్లలు మరణించిరి. తనకేమియు లేదని చెప్పుకొనుచునే అతడు క్రమక్రమముగ లోపల కూలిపోవును. ఏ రాజకీయనాయకుడును ఆ చోదకుని ఆత్మను గూర్చి వేదికపై మాట్లాడజాలడు. గది, రెండు కుర్చీలు, ఇరువురు నటులు తప్ప మఱేమియు లేని ఆ నాటకము మాట్లాడినది.

2010లో గిడియోన్ రాఫ్ రచించిన 'హటుఫీమ్' లెబనాన్‌లో పట్టుబడి, పదునేడేండ్ల చెఱ పిమ్మట తిరిగివచ్చిన సైనికుల కథ. ఇరువురు సజీవులై వత్తురు. మూడవవాని అవశేషములు మాత్రమే వచ్చును. గిలాద్ షాలిత్ అను యువసైనికుడు గాజాలో బందీయై ఉన్న రోజులవి. 2011 అక్టోబరులో అతని కొఱకు 1,027 మంది ఖైదీలను ఇజ్రాయెల్ విడిచిపెట్టినది. బందీ తిరిగిరావలెనని వీధులలో నినదించిన దేశమునకు, తిరిగివచ్చిన పిదప ఏమగునని ఆ నాటకము ముందుగనే అడిగినది. అమెరికాలో 'హోమ్‌లాండ్'గను, మన దేశమున 2016లో 'పీ.ఓ.డబ్ల్యూ. బందీ యుద్ధ్ కే' గను అది రూపాంతరము చెందినది. ఆ రూపములయందు కుట్రయు గూఢచర్యమును ముందునకు వచ్చినవి. మూలమున ప్రధానమైనది భార్య, పిల్లలు, వంటయిల్లు, నిద్రపట్టని రాత్రి.

2007లో వచ్చిన 'అవోదా అరవిత్'ను నేను వీనిలో అత్యంత సాహసోపేతమైన రచనగా ఎంచుదును. దేశజనాభాలో అయిదవవంతు అరబ్బు పౌరులు. తెరమీద వారికి అంతకుముందు దక్కినవి తఱచుగ అనుమానితుని పాత్రలు. తీరా అను గ్రామమున పుట్టి హీబ్రూలో రచనలు చేసిన సయ్యద్ కషువా, యూదుల పత్రికలో పనిచేయు అంజద్ అను అరబ్బు విలేఖరిని కథానాయకుని చేసెను. తనిఖీకేంద్రమున ప్రతిదినమును ఆపబడుట అవమానముగ తోచి, తన కారే దానికి కారణమని తెలిసికొని, యూదులు వాడు కారును కొనుటకు పరుగెత్తు ఆ మనిషిని చూచి యూదులును నవ్విరి, అరబ్బులును నవ్విరి. ప్రధానసమయమున వాణిజ్యచానెల్‌లో అరబ్బీ సంభాషణలు హీబ్రూ ఉపశీర్షికలతో నడచినవి. 2014 యుద్ధపు వేసవిలో కషువా సకుటుంబముగ అమెరికాకు వెడలిపోయెను. కథ గెలిచినచోట జీవితము ఓడినదని నాకు తోచును.

2013 నాటి 'ష్టిసెల్' జెరూసలేము గెఉలా వాడలోని సనాతన యూదకుటుంబపు గాథ. చిత్రకారుడు కాదలచిన కుమారుడు అకీవా, వానిని అర్థముచేసికొన యత్నించి విఫలుడగు తండ్రి షులెమ్ - ఈ ఇరువురి నడుమ జరుగునది మాత్రమే కథ. సనాతన యువకులకు సైనికసేవనుండి మినహాయింపు ఉండవచ్చునా యను వివాదము దేశమును దశాబ్దములుగ చీల్చుచుండగా, వారిని ఓట్లమూటగ మాత్రమే ఎఱిగిన లౌకికులు తొలిసారిగా వారి భోజనపుబల్లయొద్ద కూర్చుండిరి. 2024 జూన్‌లో అత్యున్నత న్యాయస్థానము ఆ యువకులను సైన్యమునకు పిలువవలసినదేయని ఏకగ్రీవముగ తీర్పునిచ్చినది. తీర్పు న్యాయమైనదే, ఐనను ఎదుటివాని ఇల్లు చూచి ఏకీభవింపకుండుట వేఱు, చూడకయే ద్వేషించుట వేఱు.

2015లో లియోర్ రాజ్, అవీ ఇసాఖరోఫ్‌లు సృష్టించిన 'ఫౌదా' మన పాఠకులకు బాగుగ తెలిసినది. 'తనావ్' పేరున హిందీలోనికిని వచ్చినది. అరబ్బుల వేషమున పాలస్తీనా వాడలలో ప్రవేశించు ఇజ్రాయెలీ సైనికదళపు కథ. ఇందులో శత్రువునకు భార్య కలదు, తల్లి కలదు, వియోగము కలదు, అది మెచ్చదగినది. చూచు కన్ను మాత్రము సైనికునిదే. తలుపు పగులగొట్టబడిన ఇంటివారి కన్ను కాదు. ఆ పరిమితిని చెప్పకుండ ప్రశంసించుట సత్యము కాదు. ఐనను ఒక సంగతి గమనింపుడు: 2018 జూలైలో నెసెట్ చేసిన జాతిరాజ్యశాసనము అరబ్బీని అధికారభాషా స్థానమునుండి తొలగించినది, ఆ కాలముననే, సగము అరబ్బీలో నడచు నాటకము ఇంటింట ఆదరింపబడుచుండెను. సభ వెలివేసిన భాషను కథ ఇంటిలోనికి పిలిచినది.

ఇక 2018లో ప్రభుత్వరంగ చానెల్ 'కాన్'లో వచ్చిన 'కుపా రాషిత్' నాకు మిక్కిలి ప్రియమైనది. యావ్నె పట్టణమున ఒక సూపర్‌మార్కెట్. అందులో వలసవచ్చిన అనాతోలీ, అరబ్బు ఉద్యోగి రమ్జీ, కలహప్రియులగు కౌంటరు ఉద్యోగినులు, సరకు తిరిగియిచ్చుటకు వచ్చి వాదించు వినియోగదారులు. పోట్లాటయే ఇచ్చట సహజీవనము. రాజకీయవేదికపై ఒక్కచోట నిలువలేని వారందఱును అచ్చట ఒకే జీతపు పట్టీలో ఉందురు.

వార్త చూడలేదు

2023 జనవరిలో న్యాయమంత్రి యారివ్ లెవిన్ న్యాయస్థానముల అధికారమును కుదించు ప్రణాళికను ప్రకటింపగా, ప్రతి శనివారము రాత్రియు టెల్ అవీవ్‌లోని కప్లాన్ వీధియు, మా హైఫాలోని హోరేవ్ కూడలియు జాతీయపతాకలతో నిండిపోయినవి. ఆ ప్రణాళికలో ఒక భాగముగ చేయబడిన శాసనమును 2024 జనవరి 1వ తేదీన న్యాయస్థానము 8-7 తేడాతో కొట్టివేసినది. ఈ రెండు తేదీల నడుమ దేశపు బ్రదుకే మాఱిపోయినది.

2023 అక్టోబరు 7వ తేదీ ఉదయము హమాస్ సాయుధులు దక్షిణప్రాంతపు గ్రామములలో చొరబడి ఇంచుమించు 1,200 మందిని వధించి, 251 మందిని బందీలుగ గొనిపోయిరి. రక్షణగదులలో దాగియున్నవారు సైన్యము రాక, దిక్కుతోచక, టెలివిజన్ స్టూడియోలకు ఫోన్‌చేసి గుసగుసగ సాయము వేడిరి. రాజ్యము పలుకనిచోట తెర పలికినది. వృద్ధుల ఇండ్లలో సేవచేయుచున్న నిజామాబాద్, జగిత్యాల ప్రాంతముల మనవారును ఆనాటినుండి, సైరను మ్రోగినపుడెల్ల నడువలేని వృద్ధులను చేతులమీద రక్షణగదికి చేర్చుచు, ఈ దేశపు దుఃఖమును తమ దుఃఖముగ మోసిరి.

ఆ తరువాత మాసములలో హీబ్రూ చానెళ్ళు బందీల ముఖములను, మృతసైనికుల తల్లులను ప్రతిరాత్రియు చూపినవి, చూపవలసినదే. 'ఫౌదా'లో సైనికుడుగ నటించిన ఇదాన్ ఆమెది 2024 జనవరిలో గాజాలో నిజసైనికుడై తీవ్రముగ గాయపడినపుడు, కథకును జీవితమునకును నడుమ గోడ కూలినట్లు అందఱును కంపించిరి. కాని గాజాలో శిథిలములక్రింద పడిన పిల్లలు, ఆకలితో నిలిచిన వరుసలు, ప్రపంచమంతయు చూచుచున్న ఆ దృశ్యములు, మా వీధిలోని తెరలపై మిక్కిలి అరుదుగ కానవచ్చినవి. గాజా ఆరోగ్యశాఖ లెక్క ప్రకారము మృతుల సంఖ్య 60,000 దాటినది. ఆ సంఖ్య వినవచ్చినను, ముఖము కానరాలేదు. విదేశీ విలేఖరులకు గాజాలోనికి స్వతంత్రప్రవేశము లేదు. 2024 మే నెలలో అల్ జజీరా కార్యాలయము మూయబడెను. 'హారెట్జ్' వంటి పత్రిక వ్రాసినను, రాత్రి ఎనిమిదిగంటల తెరకు గల వ్యాప్తి దానికి లేదు. శోకమున మునిగిన ప్రేక్షకుడు పరుల శోకమును చూడజాలడని చానెళ్ళు తలచియుండవచ్చును. చోదకుని ఆత్మను 2005లోనే తెరపై చూచిన ప్రేక్షకుని శక్తిని అవి తక్కువగ అంచనా వేసినవని నా నిశ్చితాభిప్రాయము.

ఇట్టి వేళ 'కుపా రాషిత్'ను, 1973 యుద్ధపు తప్పిదములను నిర్భయముగ చూపిన 'షాత్ నెఇలా'ను అందించిన 'కాన్' సంస్థను ప్రైవేటుపరము చేయుదుమని సమాచారమంత్రి ష్లోమో కర్హి పలుమాఱు ప్రకటించెను. లాభమునకును, ఏలిక ఆగ్రహమునకును లొంగని తెర ఒక్కటైనను ఉండుట ప్రజాస్వామ్యమునకు న్యాయస్థానమంతటి అవసరము. దానిని కాపాడుకొనుట ఇజ్రాయెల్ పౌరుల తక్షణకర్తవ్యమని, ఓటు లేని ఈ ప్రవాసి వారితో ఎన్నోమాఱులు వాదించెను.

తెలుగు పాఠకునికి విన్నపము

సెలవులకు స్వస్థలమునకు వచ్చినపుడెల్ల, ఇజ్రాయెల్‌ను గూర్చి మన ఇండ్లలో జరుగు వాదములను విందును. ఒకరికి అది సర్వవిధముల అనుకరణీయమైన వీరభూమి. మఱియొకరికి సంపూర్ణముగ త్యాజ్యమైన దురాక్రమణరాజ్యము. ఇరువురును తమ పక్షమును ఏదో ఒక చానెల్ అఱపులనుండియో, ఫోన్‌లో చేరిన నిమిషపు దృశ్యమునుండియో ఏర్పఱచుకొన్నవారే. అచ్చటి అరబ్బు పౌరుని పేరొక్కటియు వారెఱుగరు. శనివారము రాత్రి పతాక చేబూని తన ప్రభుత్వమునే నిలదీసిన యూదస్త్రీని ఎఱుగరు.

ఆయుధములను చూచి ఒక జాతిని మెచ్చకుడు. ఏలికల పాపములను చూచి ఒక జాతిని వెలివేయకుడు. 'ఫౌదా' చూచినవారు 'అవోదా అరవిత్'ను కూడ చూడవలెను; సరిహద్దు కథ విన్నవారు యావ్నె సూపర్‌మార్కెట్ కథను కూడ వినవలెను; పాలస్తీనీయులు స్వయముగ చెప్పుకొను కథలను వెదకి చూడవలెను. అంతకంటె ముఖ్యముగ, మన తెరలు మనకు ఎవరి ముఖమును చూపుటలేదో ప్రతిరాత్రియు అడుగుడు. పొరుగువాని ముఖమును మఱుగుపఱచు వార్త ఎంత దేశభక్తితో పలికినను అసత్యమే. దానిని అసత్యమని చెప్పుట ప్రేక్షకుని హక్కు, ధర్మము.